బొప్పి కడితే ఏం వండాలి?

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. పసివాళ్ళ పురోగతికి పిండివంటల పట్టిక రాసిపెట్టిన మన పెద్దలు ఒక్క ఘట్టాన్ని మాత్రం మరిచారు. అడుగేసి, ఆ ఊపులో పడి, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టించుకుంటే ఏం వండాలి? అరిసెలు వండిన వారంలోనే ఈ ముచ్చట కూడా జరిగితీరుతుంది కాబట్టి బాణలి కడిగి అటక మీద పెట్టకముందే ఈ విషయం తేల్చి ఉండాల్సింది.

ఈ లోటు మా ఇంట్లో ఒక ఆదివారం సాయంత్రం బయటపడింది. మా బుజ్జిదానికి 16 నెలలు. వీధి తలుపు తీసి ఉంది, ఎదురింటివాళ్ళ కుక్కపిల్ల కనపడింది, ఇది పరుగు తీసింది. ఆ వయసులో పరుగు వచ్చినంత తొందరగా ఆగడం రాదు. పైగా తల బరువు. పెద్దవాళ్ళ ఎత్తులో తల సుమారు ఎనిమిదో వంతయితే, పుట్టినప్పుడు పిల్లలకి నాలుగో వంతు. ఏడాది దాటినా మెడ మీద గుమ్మడికాయ మోస్తూ పరిగెత్తినట్టే ఉంటుంది వాళ్ళ వ్యవహారం. డోర్‌మ్యాట్ జారింది, నుదురు వెళ్ళి గడపకి కొట్టుకుంది.

నేనొక పక్కనుంచి, మా అమ్మ ఇంకో పక్కనుంచి ఒకేసారి వంగాం. మా తలలు రెండూ ఠాప్‌మని తగిలాయి. నేను పిల్లని ఎత్తబోతుంటే అమ్మ నా జబ్బ పట్టుకుంది. "ఆగరా, ఇంకోసారి తగిలించు. కొమ్ములొస్తాయి." నాకు 38 ఏళ్ళు. ఇంజినీరింగు చదివాను. కింద పిల్ల గుక్కపట్టి ఏడుస్తుండగా మేమిద్దరం శాస్త్రోక్తంగా రెండోసారి తలలు తాటించుకుని, కొమ్ముల బెడద వదిలించుకుని, అప్పుడు దాన్ని ఎత్తుకున్నాం.

వెంటనే న్యాయవిచారణ మొదలైంది. మొదటి ముద్దాయి గడప. "మా బంగారాన్ని కొట్టింది ఇదేనా? ఉండు, దీని పని చెప్తా" అని అమ్మ అరచేత్తో నాలుగు వేసింది. మొన్న శుక్రవారమే ఇదే చేత్తో ఇదే గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకుంది. లక్ష్మీదేవి హోదా నుంచి రెండు రోజుల్లో ఇంత కిందికి దిగజారిన కలప ఇంకెక్కడా ఉండదు. బుజ్జిది ఏడుపాపి ఈ తంతుని శ్రద్ధగా చూసింది. తనూ ఒకటి వేసింది. చెయ్యి చుర్రుమని మళ్ళీ ఏడుపు అందుకుంది. అసలు నేరస్థుడైన డోర్‌మ్యాట్ మీద మాత్రం ఈగ వాలలేదు.

రెండో ముద్దాయి ఎప్పుడూ తల్లే. నా భార్య అప్పుడు వంటింట్లో పాలు పొంగకుండా చూస్తోంది. అయినా "పిల్లని కనిపెట్టుకుని ఉండొద్దూ?" అన్న ప్రశ్న ఆవిడకే వచ్చింది. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో సోఫాలో కూర్చుని ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తున్న నన్ను సాక్షిగా కూడా ఎవరూ పిలవలేదు. ఇలాంటి కేసుల్లో తండ్రి సామాను కింద లెక్క. (గడప కూడా సామానే, దానికి దెబ్బలు పడ్డాయి. ఈ తేడా పాఠకులు గమనించాలి.)

ఈలోగా వైద్యమండలి కొలువుతీరింది. కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దమంది అమ్మ, లేకపోతే గడ్డ కట్టేస్తుందట. కింది ఫ్లాటు పిన్నిగారు పసుపు తెచ్చారు. ఎదురింటాయన కాఫీపొడి తెచ్చారు. రక్తమే రాలేదు కదండీ అంటే, "వస్తే?" అన్నారు. మామగారు ఫోన్లో వేడి కాపడం పెట్టమన్నారు. న్యూజెర్సీ నుంచి వీడియో కాల్లోకి వచ్చిన మా చెల్లి ఒక్కతే, "గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి" అంది. సభ గొల్లుమంది. "ఐసా! జలుబు చెయ్యదూ?" మన ఇళ్ళల్లో తల పగలడం కన్నా ముక్కు కారడం పెద్ద ప్రమాదం. ఏకగ్రీవంగా తోసిపుచ్చారు.

చెల్లి చెప్పిందే నిజం. తల చర్మంలో రక్తనాళాలు కిక్కిరిసి ఉంటాయి, దాని కిందనే గట్టి ఎముక. దెబ్బకి చితికిన నాళాల్లోంచి కారిన రక్తానికి లోపలికి చోటుండదు, పైకి ఉబ్బుతుంది. చిన్న దెబ్బకి కూడా అంత బొప్పి లేచేది అందుకే. రుద్దితే ఇంకా కారుతుంది, వేడి తగిలితే నాళాలు ఇంకా విచ్చుకుంటాయి. చన్నీళ్ళలో ముంచి పిండిన గుడ్డో, గుడ్డలో చుట్టిన ఐసో పది పదిహేను నిమిషాలు ఒత్తకుండా ఆనించి ఉంచితే చాలు. కానీ ఇంతమంది పెద్దలుండగా తడిగుడ్డతో సరిపెట్టడం వంశానికే తలవంపులు.

తర్వాత ఏడుపు మాన్పించే శాఖ రంగంలోకి దిగింది. ఒకరు పాలు పట్టారు, ఒకరు బిస్కెట్ పెట్టారు, నాన్న అరటిపండు తినిపించారు. అరగంటకి బుజ్జిది అంతా కక్కేసింది. "వాంతి!" అని కేక. అది దెబ్బ తాలూకుదో అరటిపండు తాలూకుదో తేల్చగల మొనగాడు అక్కడ లేడు. ఏడ్చి ఏడ్చి ఒకసారి కక్కే పిల్లలు చాలామందే ఉంటారు. మళ్ళీ మళ్ళీ కక్కితేనే కంగారు పడాలి. మేం మొదటిదానికే ఐదుగురం ఒక ఆటోలో ఎక్కాం.

పిల్లల డాక్టరుగారు అడిగింది నాలుగే ముక్కలు. ఎంత ఎత్తునుంచి పడింది? పడగానే ఏడ్చిందా, స్పృహ తప్పిందా? ఎన్నిసార్లు కక్కింది? ఎప్పటిలా ఉందా, మందకొడిగా ఉందా? గంటసేపు విచారణ జరిపిన మండలి నోరు మెదపలేదు. గడప టేకుదని నాన్న చెప్పగలిగారు. మిగతా జవాబులన్నీ రెండో ముద్దాయే చెప్పింది. చప్పుడవగానే ఏడుపు వినపడిందని, కక్కింది ఒక్కసారేనని, ఆటోలో డ్రైవరు జుట్టు పీకబోయిందని, అంటే ఎప్పటిలాగే ఉందని.

ఆయన బొప్పి తడిమారు, కళ్ళలో టార్చి వేశారు, చెవులూ ముక్కూ చూశారు, కింద వదిలి నడవమన్నారు. అది తిన్నగా వెళ్ళి ఆయన స్టెతస్కోపు పట్టుకుంది. "ఒక స్కాన్ తీయించేద్దామండీ, మనశ్శాంతి" అన్నారు నాన్న. మనశ్శాంతి తాతగారికి, రేడియేషన్ మనవరాలికి! అమెరికా పరిశోధకులు 42 వేల పైచిలుకు పిల్లల్ని పరిశీలించి, తల దెబ్బల్లో సీటీ స్కాన్ ఎవరికి అక్కర్లేదో 2009లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. రెండేళ్ళలోపు పిల్లలయితే, మూడడుగులకి మించిన ఎత్తునుంచి పడకుండా, స్పృహ తప్పకుండా, ఎముక చిట్లిన జాడ లేకుండా, ఎప్పటిలా ఆడుకుంటూ, బొప్పి నుదుటి మీదే ఉంటే, లోపల పెద్ద దెబ్బ ఉండే అవకాశం బహు తక్కువ. తల వెనకో పక్కనో మెత్తగా ఉబ్బితే మాత్రం ఆ లెక్క వేరు. డాక్టరుగారు ఇంకొన్ని చెప్పారు: ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, చెవిలోంచో ముక్కులోంచో రక్తం గానీ నీళ్ళలాంటిది గానీ కారినా, ఒక కంటిపాప పెద్దదిగా ఒకటి చిన్నదిగా కనపడినా, నడక తడబడినా కాఫీపొడి వెతకకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

"మరి నిద్రపోనివ్వచ్చా?" అంది అమ్మ. మామూలుగా ఉంటే హాయిగా పడుకోనివ్వండి, రాత్రి ఒకటి రెండుసార్లు కదిపి చూడండి చాలు అన్నారాయన. అమ్మ తల ఊపింది. నమ్మలేదు.

గుమ్మంలోనే ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. పొయ్యి మీద వేస్తే ఘాటు రాలేదు. "చూశావా, ఎంత దిష్టో!" అంది అమ్మ. చిమ్నీ ఆన్‌లో ఉందని నేను చెప్పలేదు. తొమ్మిదికి పిల్ల పడుకుంటే, అరగంటకొకరు చొప్పున వంతులేసుకుని లేపారు. ప్రతిసారీ అది చిరాగ్గా మూలిగింది. ఆ చిరాకే కొత్త లక్షణమని పదకొండింటికి మళ్ళీ సభ. అర్ధరాత్రి బుగ్గలు తట్టి లేపితే నవ్వుతూ పలకరించే మనిషిని చూపిస్తే వెయ్యి రూపాయలిస్తాను.

మర్నాడు నా భార్య ఎవరికీ చెప్పకుండా డోర్‌మ్యాట్ కింద జారకుండా టేపు అంటించింది. శుక్రవారం అమ్మ గడపకి యథావిధిగా పసుపు రాసి, బొట్లు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. పక్కనే నిలబడ్డ బుజ్జిది వంగి, ఆ బొట్ల మీదే ఫట్‌మని ఒకటి వేసి, కుక్కపిల్ల కోసం గడప దాటింది.