ఊరగాయ కాని ఊరగాయ

కాలిఫోర్నియాలో మేము అద్దెకుంటున్న ఇంటి పెరట్లో ఒక శాంటా రోజా ప్లమ్ చెట్టు ఉంది. లూథర్ బర్బ్యాంక్ అనే ఆయన 1906లో లోకానికి అందించిన రకమది. తొక్క పులుపు, గుజ్జు తీపి, కాపు మాత్రం మనిషన్నవాడు తట్టుకోలేనంత. జూన్ నెలాఖరుకల్లా నా చేతిలో సంచి కనబడితే చాలు, ఇరుగుపొరుగువారు ఇంట్లో లేనట్టు నటించే పరిస్థితి వచ్చింది. అప్పుడు పుట్టింది నాకు వైన్ ఆలోచన. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో సొంత వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వైన్ తయారు చేసుకోవడానికి ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారు ఒప్పుకుంటారో లేదో అడిగే ధైర్యం చాలక, అది ప్లమ్ ఊరగాయ అని చెప్పాను. నా తప్పంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

8 కిలోల పండ్లను టెంకలు తీసి పిసికి, 3 కిలోల చక్కెర, తగినన్ని నీళ్లు కలిపి, పాతిక లీటర్ల తెల్లని ప్లాస్టిక్ బకెట్టులో పోసి, ముందుగా పండ్ల మీది సూక్ష్మజీవులను అణిచే క్యాంప్‌డెన్ మాత్రల పొడి, మర్నాడు ఒక పొట్లం ఈస్టు చల్లాను. మూతకున్న చిల్లులో ఎయిర్‌లాక్ అనే చిన్న గొట్టాన్ని బిగించి, అందులో నీళ్లు పోశాను. లోపలి వాయువు ఆ నీళ్లగుండా బుడగలుగా బయటికి పోతుంది. బయటి గాలి, ఈగలు లోపలికి రావు. వంటింట్లో వాసన వస్తుందని మా ఆవిడ అభ్యంతరం చెప్పడంతో బకెట్టును పెరట్లో చెట్టు నీడకు చేర్చాను. దానికి నాలుగడుగుల దూరంలో, ఎండపట్టున, అత్తగారు పాత పంచె పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెట్టుకున్నారు.

మూడో రోజుకు ఈస్టు మంచి ఊపు మీదికి వచ్చి, ఎయిర్‌లాక్ గుడగుడలాడసాగింది. 3 కిలోల చక్కెర పూర్తిగా పులిస్తే 700 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందన్న లెక్క నాకు తెలుసు. నలభై ఏళ్లుగా జాడీలకు వాసెన కట్టిన అనుభవంతో అత్తగారికి తెలిసిందల్లా, ఊరగాయ గుడగుడలాడితే అందులోకి గాలి చొరబడి అది చెడిపోతోందని. అల్లుడి కష్టం బూజుపాలు కాకూడదన్న సదుద్దేశంతో ఆవిడ ఆ గొట్టాన్ని పీకేసి, చిల్లును గోధుమపిండి ముద్దతో మెత్తి, మూత అంచు చుట్టూ కూడా అదే పిండి పూసి, పైన రాతి కల్వాన్ని ఎత్తారు. ఆ కల్వం కోసం విమానంలో బరువు సరిపోక నా పుస్తకాలు హైదరాబాద్‌లోనే ఉండిపోయాయన్నది వేరే సంగతి.

సాయంత్రం నేను పెరట్లోకి వెళ్లేసరికి బకెట్టు మూత పొంగిన పూరీలా ఉబ్బి, దాని నెత్తిన కల్వం ఒక పక్కకు ఒరిగి ఉంది. చిల్లులోని పిండిముద్ద ఎండకు గట్టిపడి బిరడాలా బిగిసిపోయింది. దాన్ని వేలితో కదపడం తెలివైన పని కాదని నాకు తట్టింది, అయితే కదిపిన తర్వాత. ముందు పిండి నా కళ్లజోడును తాకింది, ఆ వెంటనే మూత లేచింది, కల్వం గడ్డిలో పడింది, ఊదారంగు గుజ్జు కంచె మీదుగా, నా చొక్కా మీదుగా వెళ్లి సరిగ్గా పంచె మీదే వాలింది. ఆరడానికి ఇంకొక్క ఎండ చాలనుకున్న వడియాలన్నీ నేరేడుపళ్ల రంగుకు తిరిగాయి.

చప్పుడు విని అత్తగారు పరుగున వచ్చారు. నన్ను ఒకసారి, వడియాలను రెండుసార్లు చూశారు. వంగి ఒక వడియాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని నిదానంగా వాసన పీల్చారు. నేను గొంతు సవరించుకుని ప్లమ్ ఊరగాయ స్వభావాన్ని వివరించబోతుండగా, ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

“కల్లని ముందే చెబితే నేనెందుకు మూతి మెత్తుతాను బాబూ? మా గోదావరి వైపు కల్లుకుండకు ఎవరైనా పిండి పూస్తారా?”