కుడి అంటే తాగమని కాదు నాయనా

పొద్దున్నే ఇంట్లో తాగే నీళ్లు అయిపోయాయి, తొమ్మిదిన్నరకి మీటింగ్, ఎప్పుడూ వచ్చే క్యాన్ అబ్బాయి ఊరెళ్లాడు, వాచ్‌మన్ ఇంకెవరిదో నంబరిచ్చాడు, చేశాను. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఒక ఇల్లు పట్టుకోవడం ఎంత కష్టమో అక్కడుండేవాళ్లకి చెప్పక్కర్లేదు. మెయిన్లకీ క్రాసులకీ అంకెలు పెట్టారు, బాగానే ఉంది. ఏడో క్రాస్ తర్వాత ఎనిమిది రాకుండా ఏడు ఏ, ఏడు బీ అని పెట్టిన మహానుభావుడు మాత్రం ఎప్పుడైనా నాకు దొరకాలి.

సరే, అబ్బాయి సందు మూల దాకా వచ్చి ఫోన్ చేశాడు. మూలన పెద్ద కానుగ చెట్టు, దాని వెనక అతను. నేనేమో రెండో అంతస్తు బాల్కనీలో లుంగీ మీద నిలబడి "కుడి పక్కకి, కుడి!" అన్నాను.

తొమ్మిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. కన్నడంలో మన కుడి పక్కని బలగడె అంటారనీ, కుడి అంటే తాగు అనీ తెలుసు. కానీ టెన్షన్‌లో నోటికి అమ్మ నేర్పిన మాటే వస్తుంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత చాలా మర్యాదగా "బేడ సార్" అన్నాడు. వద్దట! దారి చెబితే వద్దంటాడేమిటి? ఒళ్లు మండి "అరే, కుడి! కుడి!" అని అరిచాను. అరుపు చాలక కుడి చెయ్యి కూడా కలిపాను. చెయ్యంటే అలా ఇలా కాదు, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ పోలీసు అంబులెన్స్‌కి దారి ఇప్పించేటప్పుడు ఊపుతాడే, ఆ లెవెల్లో, భుజం పట్టేసేంతగా. చెట్టు అవతలున్న మనిషికి ఫోన్లో చెయ్యి చూపిస్తున్నానన్న ఆలోచనే లేదు. అతను ఇంకా మెత్తగా "బేడ సార్, ఈగ తానే కాఫీ ఆయ్తు" అన్నాడు. ఇప్పుడే తాగాడట. పాపం, ఎదురుగా ఉంటే నా చెయ్యి ఎటు పోతే అటు వచ్చేవాడు, భాషతో పనే ఉండేది కాదు.

చూడాల్సినవాడు చూడలేదు, చూడకూడనాయన చూశారు. అసోసియేషన్ సెక్రటరీ గారు వాకింగ్ నుంచి వస్తూ గేటు దగ్గర తలెత్తి, తననే పొమ్మంటున్నాననుకుని అక్కడే ఆగిపోయారు. నేను చెయ్యి దించి, నవ్వి, తలూపాను. ఆ ఊపుడుతో ఆయన మొహం ఇంకా ముడుచుకుంది. నీళ్ల క్యాన్లు లిఫ్ట్‌లో ఎక్కించకూడదని రూలు పెట్టింది ఈయనే, అందుకే మాకు ఏ క్యాన్ అబ్బాయీ రెండు నెలలకి మించి నిలవడు.

ఎలాగో గేటు దాకా వచ్చాడు. ఫోన్లోనే ఫ్లాట్ నంబరడిగితే ఎస్-2 అన్నాను. మా బిల్డింగులో ఫస్ట్ ఫ్లోరుకి ఎఫ్, సెకండ్ ఫ్లోరుకి ఎస్. నాకు జీతం వచ్చేది టెలికాం సాఫ్ట్‌వేర్‌లో, అయినా సిగ్గు లేకుండా చెబుతున్నాను: పాత పద్ధతి ఫోన్ లైన్ మన గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. ఎస్‌నీ ఎఫ్‌నీ విడదీసే బుసలో చాలా భాగం దానికి పైనే ఉంటుంది. అది తెగిపోయాక చెవికి రెండూ ఒకటే. అబ్బాయిదేమో బటన్ ఫోన్. మనిషి ముందుంటే, పై పళ్లు కింది పెదవి మీద పడ్డాయా లేదా చూసి ఏ అక్షరమో చెప్పేయొచ్చు.

క్యాన్ ఎఫ్-2కి వెళ్లింది. ఎఫ్-2 ఎవరిదో వేరే చెప్పాలా? డబ్బులు నేను ముందే పంపేశాను, అబ్బాయి వెళ్లిపోయాడు, వాళ్లు క్యాన్ బోర్లించేసుకున్నారు కూడా.

కిందికెళ్లి అడగమంటోంది మా ఆవిడ. వెళ్తే నా మొహం కనపడుతుంది, ఫోన్ చేస్తానన్నాను. మూడుసార్లు చేశాను. ఎత్తడం లేదు.