చూడని ఊరికి చక్కని బొమ్మ

పాత నగరచిత్రాలను అచ్చువేసిన తొలితరం ప్రచురణకర్తల మీద చరిత్రకారులు మోపుతున్న అభియోగాలను ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు. వారు ఊరిని చూడకుండానే బొమ్మ గీయించారనీ, ఒక ఊరి బొమ్మను మరో ఊరికి అంటగట్టారనీ, కూలిన శిఖరాలను కాగితం మీద నిలబెట్టారనీ పండితులు తరతరాలుగా కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నారు. ఆరోపణలన్నీ నిజమే. అవి నేరాలు ఎలా అవుతాయన్నదే ప్రశ్న.

1493లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆంటన్ కోబెర్గర్ ముద్రించిన, హార్ట్‌మన్ షెడెల్ కూర్చిన ప్రపంచ చరిత్రనే తీసుకోండి. అందులో బొమ్మలు 1,809; వాటికి వాడిన చెక్క దిమ్మలు 645. సిరియాలోని డమాస్కస్ ఏ దిమ్మతో అచ్చయిందో ఇటలీలోని ఫెరారా, మిలాన్, మాంటువాలు కూడా అదే దిమ్మతో అచ్చయ్యాయి. ఒక్క దెబ్బకు నాలుగు పిట్టలు! డమాస్కస్ దాకా వెళ్లే వర్తకుడు అంత బరువైన పుస్తకాన్ని మోసుకెళ్లి బురుజులు సరిచూసుకోడు కదా. న్యూరెంబర్గ్ నగరాన్ని మాత్రం రెండు పుటల నిండా, ఉన్నది ఉన్నట్టు చెక్కించారు. కొనేవాడు కిటికీ తెరిచి పోల్చి చూడగల ఊరి విషయంలోనే నిజాయితీని ఖర్చు పెట్టడం ఉత్తమ వ్యాపార నీతి.

తర్వాత, చెక్కకు బదులు రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చువేసే కాలంలో ఈ నీతి మరింత పదునెక్కింది. జర్మనీలోనే ఉన్న కొలోన్‌లో గియోర్గ్ బ్రౌన్ అనే మతాధికారి, ఫ్రాన్స్ హోగెన్‌బెర్గ్ అనే చెక్కడపు పనివాడు కలిసి 1572లో ప్రారంభించిన నగరచిత్రాల సంపుటాలు 1617 నాటికి ఆరయ్యాయి. అయిదు వందలకు పైగా దృశ్యాలు అందులో చేరాయి. మొదటి సంపుటంలోని లండన్‌లో సెయింట్ పాల్ చర్చి శిఖరం నిటారుగా నిలబడి ఉంటుంది. అసలు శిఖరం 1561లోనే పిడుగుపాటుకు కాలిపోయింది. 1574లో అదే రేకు మీద కొత్తగా కట్టిన రాయల్ ఎక్స్ఛేంజ్ భవనాన్ని చెక్కారు గానీ, లేని శిఖరం జోలికి పోలేదు. రాగి మీద కొత్త గీత గీయడానికి ఉలి ఒక్కటి చాలు. పాత గీతను చెరపాలంటే ఆ చోటును గీకి, నునుపుచేసి, రేకు వెనక నుంచి సుత్తితో కొట్టి మట్టం చేయాలి. జాబితాలో కొత్త ఓటరును చేర్చినంత సులువుగా చనిపోయిన ఓటరును తీసేయలేమని ఎరిగిన మనం ఆ పనివాడిని తప్పుపట్టడం భావ్యం కాదు.

ఇక బ్రౌన్ రక్షణ విధానానికి రావాల్సిన పేరు రాలేదన్నది నా ప్రధాన ఆవేదన. నగరాల గుట్టు శత్రువుకు చిక్కుతుందన్న భయానికి ఆయన ముందుమాటలోనే విరుగుడు చెప్పాడు: బొమ్మల ముందు భాగంలో స్థానిక వేషధారణలో మనుషులను నిలబెట్టాం, తురుష్కుల మతం మనుషుల బొమ్మలను ఒప్పుకోదు కాబట్టి వారు ఈ పుస్తకం ముట్టరు! కోటగోడలకూ ఫిరంగులకూ రాజులు ఖజానాలు ఊడ్చేస్తున్న రోజుల్లో, ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరు ఇల్లాళ్లతో లండన్ మహానగరానికి కాపలా ఏర్పాటైపోయింది. అంతకు తొంభై ఏళ్లకు పైగా ముందే, 1480లో, ఆ తురుష్కుల సుల్తాన్ రెండో మెహ్మెద్ వెనిస్ చిత్రకారుడు జెంటీలే బెల్లీని చేత తన రూపచిత్రమే గీయించుకున్నాడన్న కబురు కొలోన్‌కు అందినట్టు లేదు. అందినా, అచ్చయిన ముందుమాటను ఎవరు మారుస్తారు?

మన కాలికట్ కూడా మొదటి సంపుటంలోనే ఉంది. ముందు భాగంలో ఏనుగు నిలబడింది కాబట్టి అది ఇండియాయేనని ఎవరూ సందేహించనక్కర్లేదు. హోగెన్‌బెర్గ్ మలబారు గడప తొక్కలేదు. ఎవరో తెచ్చిన బొమ్మను చూసి చెక్కడానికి అంత దూరం పోవడం దుబారా. ఆ రేకులు తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్సోనియస్ అనే ప్రచురణకర్త చేతికి వచ్చాయి, ఆయన 1657లో చాలావాటిని మళ్లీ అచ్చువేశాడు. ఊళ్లు ముసలివయ్యాయి, రేకులు కాలేదు.

అన్నిటికంటే గొప్పది బ్రౌన్ పాఠకులకు చేసిన విన్నపం. తమ ఊరు పుస్తకంలో కనిపించనివారు కోప్పడకుండా బొమ్మ పంపితే చేరుస్తామన్నాడు. హైన్‌రిష్ రాంట్సావ్ అనే పాలకుడు ఉత్తర ఐరోపా నగరాల బొమ్మలు సమకూర్చి పెట్టాడు కూడా. ఊరి బొమ్మను ఊరి పెద్దలే పంపే ఈ పద్ధతి ఇప్పుడు గనక అమల్లోకి వస్తే, మన పురపాలక సంఘాలు వారం తిరక్కుండానే మురుగుకాల్వలన్నీ పూర్తయిన నగరాన్ని కొలోన్‌కు పంపగలవు. ముందు భాగంలో నిలబెట్టాల్సిన మనుషుల కొరత కూడా ఉండదు: కుడివైపు ఎమ్మెల్యే, ఎడమవైపు మేయరు, వెనక చేతులు జోడించిన వార్డు కార్పొరేటర్లు.