సవరణ: జేమ్స్ వెబ్‌ది ఆలస్యం కాదు

బెంగళూరు తెలుగు మిత్రుల కోసం మొన్న రాసిన వ్యాసంలో, 2025 మార్చి 14 నాటి గామా కిరణ విస్ఫోటాన్ని (పేలే నక్షత్రం నుంచి కొద్దిసేపు వెలువడే అతి తీవ్రమైన కిరణాల వెల్లువను) జేమ్స్ వెబ్ టెలిస్కోపే కనిపెట్టిందని, ఆ తర్వాత దాని వెనకున్న సూపర్‌నోవా (నక్షత్రం పేలుడు) కోసం జులై 1 దాకా ఆగి ఆలస్యం చేసిందని రాశాను. రెండూ తప్పులే, మన్నించండి. విస్ఫోటాన్ని పట్టుకున్నది ఫ్రాన్స్, చైనాల ఉమ్మడి ఉపగ్రహం ఎస్‌వీఓఎం.

ఇక ఆలస్యం సంగతి: ఆ విస్ఫోటం రెడ్‌షిఫ్ట్ (దాని కాంతి దారిలో ఎంత సాగిందో చెప్పే కొలత) సుమారు 7.3 కావడంతో, విశ్వ వ్యాకోచం వల్ల అక్కడి ఒక రోజు మనకు (7.3కి 1 కలిపితే) 8.3 రోజులుగా సాగి కనిపిస్తుంది కాబట్టి, ఇక్కడి దాదాపు 110 రోజులు అక్కడ 13 రోజులే, అంటే సూపర్‌నోవా వెలుగు గరిష్ఠానికి చేరే వేళ. జయనగర్‌లో ఒక పాఠకురాలు బస్సు టికెట్టు వెనక 110ని 8.3తో భాగించి చూపేదాకా నాకిది తట్టలేదు, ఆమెకు కృతజ్ఞతలు. వెబ్ చూసిన ఆ వెలుగు, విశ్వం వయసు దాదాపు 73 కోట్ల సంవత్సరాలున్నప్పటిది.