రేవులో ఓడ గుద్దుకుంటే నేరం కెప్టెన్‌దేనా?

మూలపేట పోర్టు పనులు మొదలయ్యాక సోంపేట, కవిటి వైపు ఒక వాట్సాప్ సందేశం చక్కర్లు కొడుతోంది. దాని సారం ఇది: "రేవులో జరిగే ఓడ ప్రమాదాల్లో నూటికి 80 మనిషి తప్పిదాలే. పైలట్ (రేవులో దారి చూపడానికి ఓడ ఎక్కే స్థానిక నిపుణుడు) ఎక్కాక కెప్టెన్‌కు బాధ్యత లేదు. అంతా కంప్యూటర్‌కు అప్పగిస్తే ప్రమాదాలే ఉండవు." వీధికి ఇద్దరు ముగ్గురు ఓడల్లో పనిచేసే ఊళ్లలో కూడా దీన్ని నమ్ముతున్నారంటే విడ్డూరమే.

ముందు ఆ 80 సంగతి. ఇదే లెక్క ఒకచోట 75, మరోచోట 96 అని కూడా కనిపిస్తుంది. ఏది మనిషి తప్పో ఎవరికి వారు గీత గీసుకుంటే అంకెలు అలాగే ఉంటాయి. 2024 మార్చి 26న బాల్టిమోర్ వంతెనను కూల్చిన డాలీ ఓడలో అత్యధికులు భారతీయ నావికులు. వార్త రాగానే నిందలన్నీ వాళ్లమీదే పడ్డాయి. అమెరికా దర్యాప్తులో చివరికి బయటపడింది వేరు: ఒక తీగకు తొడిగిన పేరుపట్టీ అడ్డుపడటంతో అది బిగింపులోకి పూర్తిగా దిగలేదు, వదులై, ఓడలో కరెంటు పోయింది. ఆ పట్టీ తొడిగిందీ మనిషే, కాదనను. కానీ ఆ రాత్రి చుక్కాని పట్టుకున్నవాడు కాదు కదా!

పెద్ద ఓడకు బ్రేకు ఉండదు. చాలావాటికి గేర్లు కూడా ఉండవు. వెనక్కి వెళ్లాలంటే ఇంజిన్ ఆపి, బాటిళ్లలో నింపిన గాలితో ఎదురు దిశలో మళ్లీ స్టార్ట్ చేయాలి. వేగం తగ్గేకొద్దీ చుక్కానికి నీటి పట్టు తగ్గుతుంది. 2013 మే 7 రాత్రి ఇటలీలోని జెనోవా రేవులో జాలీ నీరో అనే ఓడ వెనక్కి వస్తూ మలుపు తిరుగుతోంది. ముందుకు పోవాల్సిన క్షణంలో ఇంజిన్ స్టార్ట్ కాలేదు. ఓడ వెనక భాగం తగిలి కంట్రోల్ టవర్ కూలింది; 9 మంది చనిపోయారు. కెప్టెన్‌కూ పైలట్‌కూ శిక్షలు పడ్డాయి, సరే. ఆ టవర్‌ను నీటి అంచునే, ఏ రక్షణా లేకుండా కట్టినవాళ్ల మాటేమిటి?

అచ్చంగా మనిషి పొరపాట్లూ ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో మిలానో బ్రిడ్జ్ ఓడ సరుకు లేక పైకి తేలి, ప్రొపెల్లర్ కొంత నీటి బయటే తిరుగుతుండగా, ఉండాల్సినదానికంటే ఎక్కువ వేగంతో వచ్చి క్రేన్‌ను కూల్చేసింది.

పైలట్ మాట పూర్తిగా తప్పు. ఆయన దారి చెబుతాడు, బాధ్యత కెప్టెన్‌దే. పనామా కాలువ ఒక్కటే పేరున్న మినహాయింపు.

ఇక కంప్యూటర్. నార్వేలో ఫోల్గెఫాన్ అనే ఫెర్రీ 2018లో తనంతట తానే రేవుకు చేరింది, నిజమే. అది 85 మీటర్ల పడవ. కంటైనర్ల దొంతరలు తెరచాపలా గాలి పట్టే 300 మీటర్ల ఓడకు టగ్గులు (ఓడను నెట్టి, లాగి తిప్పే చిన్న పడవలు) కావాలి, మోకులు అందుకునే మనుషులు కావాలి. పైగా జెనోవాలో మొరాయించింది ఇంజిన్; ఆజ్ఞ కంప్యూటర్ ఇచ్చినా అది స్టార్ట్ అయ్యేది కాదు.