బయాప్సీ నార్మల్ అంటే గడ్డ లేదని కాదు

అన్నవాహికలో వచ్చే అరుదైన గడ్డల గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మేం మూడు నెలలు పోగొట్టుకున్నది సరిగ్గా అక్కడే.

అమ్మకు ముద్ద మింగిన ప్రతిసారీ ఛాతీ మధ్యలో ఆగినట్టుండేది, నీళ్లు తాగితే గానీ దిగేది కాదు. ఎండోస్కోపీలో ఉబ్బు కనిపించింది, పైపొర మాత్రం నున్నగా ఉంది. బయాప్సీ నార్మల్ అని పంపేశారు. లియోమయోమా (కండరపు గడ్డ), జిస్ట్ (క్యాన్సర్‌గా మారగల మరో రకం గడ్డ) లాంటివి పైపొర కింద, కండరంలో పుడతాయి. మామూలు బయాప్సీ చాలాసార్లు అంత లోతుకు అందదు. గడ్డ ఏ పొరలో ఉందో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లోనే (ఎండోస్కోపీ గొట్టం చివర అల్ట్రాసౌండ్ పెట్టి లోపలి పొరలు చూసే పరీక్ష) బాగా తెలుస్తుంది. అవసరమైతే దాని సాయంతోనే సూదితో ముక్క తీస్తారు. ఆ ముక్కకు సీడీ117, డెస్మిన్ (గడ్డ ఏ రకమో చెప్పే ప్రోటీన్లు) పరీక్షలు తప్పక అడగండి. సీడీ117 పాజిటివ్ అయితే చాలావరకు జిస్ట్, దానికి ఇమాటినిబ్ మాత్ర ఉంది. సీడీ117 లేకుండా డెస్మిన్ ఉంటే లియోమయోమా వైపు చూస్తారు, అది క్యాన్సర్ కాదు. చిన్నదై ఇబ్బంది పెట్టకపోతే కనిపెట్టుకుని ఉంటే చాలు.

అమ్మది లియోమయోమానే. అన్నవాహికలో భాగాన్ని తీసేయకుండా గడ్డ ఒక్కటే ఒలిచి తీశారు. అయితే ఇలాంటి గడ్డల మీద పైపొరను పదే పదే గిల్లి ముక్కలు తీస్తే అక్కడ అతుక్కుపోయి, ఒలవడం కష్టమవుతుందట. ముందే తెలిస్తే రెండోసారి బయాప్సీకి ఒప్పుకునేవాళ్లం కాదు.