ఏజెంటు లైసెన్స్ రద్దయింది సరే, కట్టిన ప్రీమియం మాటేమిటి?

ప్రీమియం సొమ్ము సొంతానికి వాడుకున్నాడన్న ఆరోపణపై బీమా ఏజెంటు లైసెన్స్ రద్దు చేశారని వార్త వస్తే, చాలామంది ‘తగిన శాస్తి జరిగింది’ అనుకుని పక్కన పెట్టేస్తారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం లాంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలోని తెలుగు ఇళ్లకు మాత్రం అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. రద్దు ఉత్తర్వు ఏజెంటుకు అందుతుంది, బ్రాంచి ఫైల్లో చేరుతుంది. అతని చేతిలో ఏళ్లకేళ్లు డబ్బు పెట్టిన ఇళ్లకు ఆ కబురు ఎవరో చెబితే తప్ప తెలియదు. లైసెన్స్ రద్దు ఏజెంటుకు శిక్ష కావచ్చు. పాలసీదారుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆ ఒక్క కాగితంతో కంపెనీ కూడా చేతులు దులుపుకుంటోంది. నా అభ్యంతరం అక్కడే.

ఇంతకీ ఆ లైసెన్స్ ఇచ్చేది ఎవరు? 2015లో బీమా చట్టాన్ని సవరించేదాకా అది నియంత్రణ సంస్థ పేరుమీదే వచ్చేది. సవరణ తర్వాత ఏజెంటును నియమించేది కంపెనీయే. 2016 నుంచి అమల్లోకి వచ్చిన ఐఆర్‌డీఏఐ (ఆ నియంత్రణ సంస్థే) నిబంధనల ప్రకారం సస్పెండ్ చేసేదీ, నోటీసు ఇచ్చి వివరణ అడిగేదీ, రద్దు చేసి బ్లాక్ లిస్టులో పెట్టేదీ కంపెనీయే. జనం ఇప్పటికీ లైసెన్స్ అనే అంటారు, కానీ జరిగేది మాత్రం కంపెనీ తన మనిషిని తానే తీసేయడం. ఏజెంటు వరసగా నెలల తరబడి డబ్బు కట్టకపోతే, అతని కోడ్ కింద పాలసీలు ఒకదాని వెంట ఒకటి లాప్స్ అవుతుంటే (ప్రీమియం అందక ఆగిపోతుంటే), అది ముందుగా కనబడాల్సింది బ్రాంచి కంప్యూటర్లోనే. అక్కడ ఎవరూ ఎందుకు చూడలేదన్న ప్రశ్న, ఆ బ్రాంచి తాలూకు సంస్థే జరిపే విచారణలో ఎంత గట్టిగా వినబడుతుందో ఊహించుకోవచ్చు.

డబ్బు చేతులు మారే తీరు చూస్తేనే చిక్కు అర్థమవుతుంది. గంజాం వైపు నుంచి మగవాళ్లు సూరత్ మరమగ్గాల పనికి వెళ్తారు. వాళ్లు పంపే డబ్బుతో ఇల్లు నడిపేదీ, ప్రీమియం గుర్తుపెట్టుకునేదీ ఇంట్లో ఆడవాళ్లే. బ్రాంచికి వెళ్లిరావాలంటే ఒక పూట పని పోతుంది. కౌంటర్ దగ్గర ఒడియా మాట్లాడగలిగినా, రాసిచ్చిన ఒడియా చదవలేని తెలుగువాళ్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. పాలసీ బాండు ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఏజెంటు మాత్రం గుమ్మంలోకి వచ్చి తెలుగులో పలకరిస్తాడు. కోతలకు ముందు నెలల్లో ఎవరి చేతిలోనూ పైకం ఆడదు. “బావూ, ఈసారికి నువ్వు కట్టెయ్, ధాన్యం అమ్మాక ఇచ్చేస్తాను” అంటే తన జేబులోంచి వేస్తాడు. ఇంకో ఇంట్లో ముందే ఇచ్చిన డబ్బుతో ఈ ఇంటి ప్రీమియం సర్దుతాడు. నెలాఖరుకు ఎవరిది ఎవరికి పడిందో చెప్పగలిగేది అతని డైరీ ఒక్కటే. పేరు పక్కన అంకె, అంకె పక్కన టిక్కు. ఆ టిక్కు డబ్బు అతనికి అందినట్టా, బ్రాంచిలో కట్టినట్టా అని అడిగితే అతనే ఒక క్షణం ఆలోచించాలి.

ఈ సర్దుబాటు అంతా మోసమేనని నేను అనను. దీనివల్లే లాప్స్ కాకుండా నిలిచిన పాలసీలు బోలెడు. కానీ అదే అలవాటు ఒక ఆసుపత్రి ఖర్చుతోనో, కూతురి పెళ్లితోనో తలకిందులవుతుంది. ఈ నెల వాడుకుని వచ్చే నెల వేద్దాం అనుకున్న డబ్బు మరి రాదు.

ఇంకో సంగతి ఉంది, ఎవరూ పైకి చెప్పరు. మొదటి ప్రీమియం మొత్తమో, అందులో కొంతో ఏజెంటే తన కమిషన్‌లోంచి కట్టడం మామూలైపోయింది. బీమా చట్టం 41వ సెక్షన్ కింద అలా కమిషన్లో వాటా ఇవ్వడం నిషేధం, పది లక్షల రూపాయల దాకా జరిమానా. ఆ సెక్షన్ తీసుకునేవాణ్నీ వదలదు. అందుకే పాలసీదారు గట్టిగా నిలదీయబోతే “మొదటిది నేనే కట్టాను కదా” అని ఏజెంటు ఒక్క మాట గుర్తుచేస్తే చాలు, ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది.

మరి కంపెనీ నుంచి మెసేజ్ రాదా? వస్తుంది. ఎవరి ఫోనుకు వస్తుందన్నదే ప్రశ్న. పాలసీకి దరఖాస్తు, అంటే ప్రపోజల్ ఫారం, నింపేది ఏజెంటే. మొబైల్ నంబరు గడిలో తన నంబరో, తన కొడుకు నంబరో వేసేవాళ్లున్నారు. పాలసీదారుకు అప్పట్లో ఫోను లేకపోవచ్చు, లేదా నంబరు మారిపోయి ఉండొచ్చు. ‘మీ ప్రీమియం అందలేదు’ అన్న హెచ్చరిక ఆ ప్రీమియం దగ్గర పెట్టుకున్న మనిషి ఫోనులోనే మోగుతుంది. నన్నడిగితే ఏజెంటును తీసేయడం కంటే ముందు కంపెనీలు సరిచేయాల్సింది ఈ గడినే.

చట్టం ఏమంటోందో చూస్తే ఇంకా విడ్డూరంగా ఉంటుంది. బీమా చట్టం 64వీబీ సెక్షన్, ఏజెంటు వసూలు చేసిన ప్రీమియాన్ని తన కమిషన్ మినహాయించుకోకుండా 24 గంటల్లో కంపెనీకి జమ చేయాలంటుంది. సెలవులకు మినహాయింపు ఉంది. అంటే ఏజెంటు డబ్బు తీసుకుంటాడని చట్టానికి తెలుసు. ఎల్‌ఐసీ ఏజెంట్ల నియమాలేమో ప్రత్యేకంగా అధికారం ఇస్తే తప్ప సంస్థ తరఫున డబ్బు వసూలు చేసే హక్కు అతనికి లేదంటాయి. ఈ రెండింటి మధ్య నలిగిన కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1987లో ఒక పాలసీదారు అర్ధసంవత్సరం ప్రీమియానికి ఏజెంటుకు బేరర్ చెక్కు (ఎవరు పట్టుకెళ్లినా సొమ్మయ్యేది) ఇచ్చాడు. చెక్కు జూన్‌లోనే సొమ్మయింది. సంస్థకు మాత్రం ఆగస్టులో చేరింది. చేరడానికి ముందురోజే పాలసీదారు ప్రమాదంలో చనిపోయాడు. ఏజెంటుకు వసూలు చేసే అధికారం లేదు కాబట్టి అతనికి ఇస్తే సంస్థకు ఇచ్చినట్టు కాదని 1997లో కోర్టు తేల్చింది. బీమా సొమ్ము ఇవ్వాల్సిన బాధ్యత ఎల్‌ఐసీకి లేదంది.

రెండేళ్లు తిరిగాక, 1999లో, అదే కోర్టు ఇంకో కేసులో వేరే దారి పట్టింది. జీతంలోంచి ప్రీమియం కోసే పథకం కింద యాజమాన్యం డబ్బు జమ చేయలేదు, ఉద్యోగి చనిపోయాడు. ఆ పథకంలో డబ్బు వసూలు చేసే యాజమాన్యం ఎల్‌ఐసీకి ఏజెంటు లాంటిదే కాబట్టి ఎల్‌ఐసీ బాధ్యత వహించాలంది. న్యాయశాస్త్రం ప్రకారం రెండు తీర్పులకూ తేడా ఉంది, కాదనను. ఆ తేడా నేల మీద ఎలా దిగుతుందంటే, జీతంలోంచి కోత పడే మిల్లు ఉద్యోగి భార్యకు రక్షణ దొరుకుతుంది. బరంపురం పట్టు నేసే మగ్గం మనిషి భార్య అంతే నమ్మకంగా, అదే కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకున్న మనిషికి డబ్బిస్తే ఆ రక్షణ లేదు. గెజిట్‌లో అచ్చయిన నియమం ఆమె చదివి ఉండాల్సింది మరి!

పాలసీ లాప్స్ అయిందని తెలిశాక పునరుద్ధరించుకోమంటారు. ఇప్పుడు అమ్ముతున్న సాధారణ జీవిత బీమా పాలసీలకు మొదట కట్టని ప్రీమియం తేదీ నుంచి అయిదేళ్ల గడువుంది. పాత బకాయిలు వడ్డీతో కట్టాలి, ఆరోగ్యంగా ఉన్నానని రాసివ్వాలి. ఒకసారి కట్టిన డబ్బునే మళ్లీ కట్టడం సరే, ఈలోగా షుగరో గుండె జబ్బో వచ్చినవాడు ఏం రాసివ్వాలి? ఇంకా లోతైన నష్టం ఒకటుంది. మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని 45వ సెక్షన్ చెబుతుంది. పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పదేళ్లుగా డబ్బు కట్టిన మనిషి, ఏజెంటు చేసిన పనికి, కొత్తగా చేరినవాడితో సమానమైపోతాడు.

అగ్రిగోల్డ్‌లోనూ, ఒడిశా చిట్‌ఫండ్ కుంభకోణాల్లోనూ పోగొట్టుకున్నవాళ్లు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నారు. వాటిలో మునిగింది కంపెనీలే, ఊళ్లో తిట్లు తిన్నది మాత్రం ఏజెంట్లు. ఇక్కడ కంపెనీ నిక్షేపంగా ఉంది. ఇవ్వగలిగిన స్తోమత ఉండి కూడా ‘అతణ్ని తీసేశాం’ అనడంతో సరిపెట్టడం మింగుడుపడదు.

ఏజెంటు పక్షం కూడా ఒకమాట చెప్పాలి. ఆరోపణ అనగానే దొంగ అనుకోవడానికి లేదు. డైరీ లెక్కల్లో ఇచ్చానన్నవాడిదీ, అందలేదన్నవాడిదీ చెరో నిజం ఉండొచ్చు. మోసం రుజువైతే, పాత పాలసీల మీద ప్రీమియం కట్టినప్పుడల్లా వచ్చే రెన్యువల్ కమిషన్ కూడా పోతుంది. అది ఇరవై ముప్పై ఏళ్లు తిరిగి సంపాదించుకున్న జీవనాధారం. నోటీసు, వివరణ, అప్పీలు అందుకే ఉన్నాయి. వాటిని మొక్కుబడిగా ముగిస్తే అతనికీ అన్యాయమే, పాలసీదారుకూ అన్యాయమే. విచారణ సరిగ్గా జరిగితేనే ఎవరి డబ్బు ఎంత పోయిందో కాగితం మీదికి వస్తుంది.

సరిహద్దు వల్ల వచ్చే తలనొప్పి వేరు. పర్లాకిమిడిలో కాపురం, పాలసీ మాత్రం శ్రీకాకుళం జిల్లా బ్రాంచిది, ఏజెంటు పాతపట్నం మనిషి. ఎల్‌ఐసీలో శ్రీకాకుళం హైదరాబాద్ జోన్ కిందికి వస్తుంది, ఒడిశా పట్నా జోన్ కిందికి వస్తుంది. పోలీసులేమో ‘మా పరిధి కాదు’ అంటారు. నమ్మకద్రోహం, మోసం సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 316, 318. పరిధితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది కాబట్టి ఆ మాటతో వెనక్కి రానక్కర్లేదు. పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ విషయంలో సరిహద్దు మనకే కలిసొస్తుంది. ఫిర్యాదుదారు ఉండే చోటు గానీ, కంపెనీ బ్రాంచి ఉన్న చోటు గానీ ఏ అంబుడ్స్‌మన్ పరిధిలో ఉంటే అక్కడికి వెళ్లొచ్చు. అంటే పైన చెప్పిన ఇంటికి భువనేశ్వర్ అయినా ఫర్వాలేదు, హైదరాబాద్ అయినా ఫర్వాలేదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల ఫోను నంబరు 155255.

కంపెనీలు చేయాల్సింది పెద్ద ఖర్చు పని కూడా కాదు. ఏజెంటును సస్పెండ్ చేసిన రోజే అతని కోడ్ కింద ఉన్న ప్రతి పాలసీదారుకూ ఇంటి చిరునామాకు ఉత్తరం వెళ్లాలి. ఏ తేదీ దాకా ప్రీమియం అందింది, ఎంత బకాయి ఉంది, మీరు కట్టామంటే ఏ రుజువుతో ఎవరిని కలవాలి అన్నవి ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. విచారణలో డబ్బు ఏజెంటు తీసుకున్నట్టు తేలితే ఆ పాలసీని వడ్డీ లేకుండా, ఆరోగ్య పత్రం అడక్కుండా, 45వ సెక్షన్ లెక్క కదపకుండా నిలబెట్టాలి. సొమ్ము ఏజెంటు కమిషన్‌లోంచి రాబట్టుకుంటారో, కోర్టుకెళ్లి రాబట్టుకుంటారో అది కంపెనీకీ ఏజెంటుకూ మధ్య సంగతి. ఈమేరకు నిబంధన రాయగలిగిన సంస్థ, ఐఆర్‌డీఏఐ, హైదరాబాద్‌లోనే ఉంది.